స్లేట్ పైకప్పు, రాగి గట్టర్లు వేయించుకుంటున్నారా? బిల్లు కట్టేముందు రేకు తూకం వేయండి

హైదరాబాద్ శివార్లలో మోకిల, శంకర్‌పల్లి, కొల్లూరు వైపు ఇల్లు కడుతున్నవాళ్ళకు ఈ హెచ్చరిక. ఏటవాలు కప్పు, దానిమీద నల్లటి స్లేట్ రాయి, అంచున వాననీళ్ళు పట్టే మెరిసే రాగి కాలువ, అదే గట్టరు... త్రీడీ ఎలివేషన్‌లో చూస్తే ఎవరికైనా మనసు పోతుంది. మేమూ వేయించాం. రెండో వర్షాకాలం రాకముందే వెనకవైపు కప్పు మొత్తం విప్పించాల్సి వచ్చింది. కాంట్రాక్టర్ పేరు రాయను, గొడవ ఇప్పుడు వినియోగదారుల కమిషన్‌లో ఉంది. అయినా పేరుకంటే పని చేసిన తీరు తెలిస్తేనే మీకు అక్కరకొస్తుంది.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, వాళ్ళు మనకు రాయి చూపిస్తారు, డబ్బులు మాత్రం రాగిలోనూ మేకుల్లోనూ మిగుల్చుకుంటారు. సైట్‌కి తెచ్చిన శాంపిల్ రాయి అసలుదే. మా అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకుని "చిన్నప్పుడు బడికి పట్టుకెళ్ళిన మార్కాపురం పలకలాగే ఉందే" అని మురిసిపోయారు. ఆ మురిపెంలో రాయి కింద ఏం పెడతారని ఎవరూ అడగరు, వాళ్ళకు కావలసిందీ అదే.

ముందు రాయి సంగతి ముగిస్తాను. వీధివైపు వాలుకు నిజమైన స్లేటే వేశారు. వెనకవైపు, నిచ్చెన వేసుకుంటే తప్ప కనపడని చోట, నల్లటి కడప బండను పల్చగా కోయించి, పాలిష్ పూసి కలిపేశారు. దూరం నుంచి తేడా తెలియదు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఒక చుక్క వేస్తే తెలిసిపోతుంది. కడప బండ, అంటే నాపరాయి, సున్నపురాయి జాతి కాబట్టి బుసబుసా పొంగుతుంది. స్లేట్ మట్టి పొరలు ఒత్తిడికీ వేడికీ గట్టిపడి అయిన రాయి, మామూలుగా పొంగదు. కొన్ని గనుల స్లేట్‌లో సున్నం పాలు ఉండి సన్నగా బుడగలు రావచ్చు, కప్పుకైతే అలాంటిది తీసుకోకపోవడమే మేలు. వేలి కణుపుతో కొట్టి చూడండి, మంచి స్లేట్ ఖంగుమంటుంది. మొద్దుగా మోగితే లోపల పొర విడిందని అర్థం. చేతులకు గ్లవ్స్ వేసుకుని, లోడు దిగినప్పుడే, లారీలో అడుగున ఉన్న రాళ్ళు తీయించి చూడండి. పైవరసలో ఎప్పుడూ మంచివే ఉంటాయి.

పేర్చిన పద్ధతి కూడా చెప్పాలి. పెంకుటిల్లు తెలిసినవాళ్ళకి ఒక వరస మీద ఇంకో వరస ఎక్కితే చాలనిపిస్తుంది. స్లేట్‌కి అది చాలదు. రెండు రాళ్ళ మధ్య సందులో పడ్డ నీటిని కింది రాయి పట్టాలి, అందుకని మూడో వరస మొదటి వరస మీదికి కూడా కనీసం 3 అంగుళాలు రావాలి. అంటే 20 అంగుళాల రాయి వేస్తే బయటికి కనపడాల్సింది ఎనిమిదిన్నర అంగుళాలే. మా వెనకవైపు టేపు పెడితే దాదాపు పది వచ్చింది. పది వచ్చిందంటే ఆ మూడో వరస రక్షణ సున్నా. రాళ్ళు మాత్రం ఆరో వంతుకు కాస్త తక్కువగా మిగులుతాయి, ఎవరికి మిగులుతాయో చెప్పక్కర్లేదు.

ఇక అసలు కథ రాగిది. కప్పు గోడకు తగిలేచోట, రెండు వాలులు కలిసే వ్యాలీలో, నీళ్ళు లోపలికి దిగకుండా పెట్టే రేకునే ఫ్లాషింగ్ అంటారు. రాయి ఎంత మంచిదైనా ఇల్లు కారేది ఈ చోట్లలోనే. కొటేషన్‌లో "24 గేజ్ రాగి" అని రాశారు. 24 గేజ్ అంటే సుమారు 0.56 మిల్లీమీటర్ల మందం. ఆ మందం రాగి రేకు చదరపు అడుగు ముక్క కోసి తూస్తే 460 గ్రాముల దాకా తూగాలి. మా గట్టర్ నుంచి కోసిన ముక్క కిరాణా కొట్టు కాటా మీద 260 గ్రాములు చూపించింది, అది 30 గేజ్ లెక్క. గట్టర్‌కి మొత్తం 100 చదరపు అడుగుల రేకు పట్టిందనుకోండి, 46 కిలోలు ఉండాల్సిన చోట 26 కిలోలే ఉన్నాయి. మిగతా 20 కిలోల రాగికి ఆ రోజు కిలో ధర ఎంతో చూసి గుణించుకోండి, కాంట్రాక్టర్ మర్యాదగా ఎందుకు మాట్లాడాడో తెలుస్తుంది.

అదైనా రాగే. వ్యాలీలో రాయి ఎత్తి చూస్తే, అంచున నాలుగు వేళ్ళ వెడల్పు రాగి పట్టీ, దాని కింద గోధుమరంగు పెయింటు వేసిన జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకు. ఇది ఉత్త కక్కుర్తి అయితే పోనీ అనుకోవచ్చు. రాగి మీదుగా జారిన నీళ్ళు జీఐ మీద పడితే ఆ నీటిలో కరిగొచ్చిన రాగి, జింకు పూతను తినేస్తుంది, ఆ తర్వాత ఇనుము తుప్పు పడుతుంది. రెండు లోహాలు తగులుతూ తడిగా ఉన్నా జరిగేది ఇదే. మొత్తం జీఐ వేసి ఉన్నా ఇంకొన్నాళ్ళు ఆగేదేమో. గట్టరు మోసే కొక్కేలు కూడా జీఐవే, వాటిలో కొన్ని అప్పటికే చేత్తో లాగితే ఊడివచ్చాయి. అల్యూమినియంకీ ఇదే గతి.

హెడ్‌రూమ్ (మెట్ల మీది గది) గోడ దగ్గర ఇంకో విచిత్రం. అక్కడ ప్రతి వరస రాయికీ ఒక చిన్న రాగి ముక్క చొప్పున, మెట్లు మెట్లుగా, రాయి మధ్యలోంచి గోడ మీదికి ఎక్కించాలి. గోడలో గాడి కోసి పైనుంచి ఇంకో రేకు ఆ గాడిలోకి దూర్చి కిందికి కప్పాలి. వీళ్ళు పొడవాటి రేకు ఒకటి గోడకు ఆనించి, పైన సిలికాన్ రాసి వెళ్ళిపోయారు. మన ఎండలకు ఆ సిలికాన్ ఒక వేసవి కూడా ఓర్చుకోలేదు. గోడ నుంచి విడిపోయిన సందులోంచి మెట్ల మీదికి నీళ్ళు.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "కొత్తలో రాయి కొంచెం నీళ్ళు తాగుతుంది సార్, రెండు వానలు పడితే సర్దుకుంటుంది." మంచి స్లేట్ నీళ్ళు తాగదు. ఈ మాట ఎవరైనా చెప్తే వెంటనే మిగతా చెల్లింపు ఆపేయండి.

గట్టర్ కీళ్ళు కూడా సిలికాన్‌తోనే అతికించారు. రాగికి టంకం పెట్టాలి. మరమ్మతుకు బేగంబజార్‌లో రాగి పాత్రల పని చేసే ఒక పెద్దాయన్ని పిలిస్తే రేకు వంచి చూసి, "ఇది కాగితం సార్, టంకం వేడికే వంకర్లు పోతుంది" అన్నాడు. ఇంకో సంగతీ ఆయనే చూపించాడు. ఎక్కడా వదులు ఇవ్వకుండా గట్టరును ఆ చివర నుంచి ఈ చివరిదాకా బిగించేశారు. 10 మీటర్ల రాగి 40 డిగ్రీల తేడాకు దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. తెల్లవారుజాము చలికీ మే నెల మధ్యాహ్నం కాలిన లోహానికీ మధ్య అంత తేడా మనకు తేలిగ్గా వస్తుంది. సాగడానికి చోటు లేకపోతే కీలు విడవాల్సిందే. వాలు కూడా సరిగా లేక ఒక మూల నీళ్ళు నిలిచాయి, దోమలు అదనం. డెంగీ సీజన్‌లో మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి కూలర్లు, పూలకుండీలు చూసి వెళ్ళారు, పైకి చూడలేదు, బతికిపోయాం.

నీళ్ళు దిగే పైపులు ఎన్ని అన్నది కూడా ముందే అడగండి. 1000 చదరపు అడుగుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 930 లీటర్ల నీళ్ళు. బేగంపేటలో 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు పడింది, అంటే ఆ కప్పు మీద 22 వేల లీటర్లు. మా కాంట్రాక్టర్ ఒక వాలు మొత్తానికీ ఒకే పైపు పెట్టాడు, అందం చెడుతుందట.

మేకుల గురించి చెప్పడం మర్చిపోయేవాణ్ణి. రాగి మేకులో, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మేకులో వాడాలి. రాయి నూరేళ్ళు నిలిచినా మేకు పదేళ్ళకే తుప్పుపడితే రాయి జారి కింద ఉన్నవాళ్ళ నెత్తిమీద పడుతుంది. మాకు వాడినవి మామూలు స్క్రూలు, అవీ డ్రిల్లింగ్ మిషన్‌తో బిగదీసి. స్లేట్ మేకుకు వేలాడాలి, నొక్కుకుపోకూడదు. బిగించిన చోటల్లా రంధ్రం దగ్గర నెర్రెలు. పైగా పనివాళ్ళు నిచ్చెన పరచుకోకుండా రాళ్ళ మీదే నడిచారు.

బిల్లు గురించి మాత్రం గట్టిగా చెప్తాను. జీఎస్టీ బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అంటే సరుకు ఏ రకమో చెప్పే అంకె చూడండి. పనిచేసిన స్లేట్‌కి 6803. స్లేట్ కాకుండా మిగతా కట్టడపు రాళ్ళకి 6802. మాకు నోటితో చెప్పింది స్లేట్, బిల్లులో కోడ్ 6802! రాగి రేకుకి 7409 ఉంటుంది. మాకైతే రాగికి విడిగా లైనే లేదు, "రూఫ్ యాక్సెసరీస్" అని ఒకే మొత్తం. కొటేషన్‌లోనే రాగిని కిలోల్లో, మందాన్ని మిల్లీమీటర్లలో, కీళ్ళు టంకంతో అని, మేకులు ఏ లోహమో రాయించండి. "గేజ్" అని వదిలేస్తే ఏ గేజ్ పద్ధతి అని రేపు వాదిస్తారు. రాగి సైట్‌కి వచ్చిన రోజే తూకం వేసి ఫోటో తీయండి. ఫ్లాషింగ్ మీద రాయి కప్పకముందు మీరో మీ ఇంజనీరో చూడాలి, ఆ దశ దాటితే ఎవరికీ ఏమీ కనపడదు. చివర్లో హోస్ పైపుతో కింది వరస నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో చోట కాసేపు తడిపి చూడండి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తేలదు. అది అయ్యాకే ఆఖరి వాయిదా.

ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ళు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు నమోదు చేయించండి. వినని పక్షంలో, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌కే వెళ్ళవచ్చు. గడువు రెండేళ్ళు, కాబట్టి "వచ్చే వారం మనిషిని పంపిస్తా" అనే మాటలు వింటూ కూర్చోవద్దు. వాట్సాప్ సంభాషణలు తుడిచేయకండి. విప్పిన సామాను తుక్కువాడికి అమ్మకండి, ముఖ్యంగా రాగి. అది మీ సాక్ష్యం. రాత్రిపూట బయట కూడా పెట్టకండి, రాగి దొంగలకు మీ కేసుతో పనిలేదు.

మా దగ్గర కోసిన రెండు రకాల రాగి ముక్కలు, కడప బండ, అసలు స్లేట్, ఆ స్క్రూలు ఉన్నాయి. శంకర్‌పల్లి రోడ్డులో ఇల్లు కడుతూ కొటేషన్ చేతిలో పట్టుకుని ఉన్నవాళ్ళు ఆదివారం వస్తే పక్కపక్కన పెట్టి చూపిస్తాను. యాసిడ్ సీసా కూడా ఉంది, మీ శాంపిల్ తెచ్చుకోండి.