బంతి పిడుగు అనుకుని కొన్న దీపం

బంతి పిడుగు అంటే ఉరుములు మెరుపుల వేళ చాలా అరుదుగా కనిపించే, గాల్లో తేలే వెలుగు ముద్ద. ఆన్‌లైన్‌లో "బంతి పిడుగు దీపం" అని పెట్టి అమ్ముతుంటే ఆశపడి కొన్నా. తీరా వచ్చింది మామూలు ప్లాస్మా లైటు, కొబ్బరికాయంత గాజు బుడ్డి. లైటుగా అయితే బాగుంది, కాదనను. గది చీకటి చేసి వేలు ఆనిస్తే లోపలి ఊదారంగు పోగులు అక్కడికే వచ్చి అతుక్కుంటాయి, పాత ట్యూబ్‌లైటు దగ్గరగా పట్టుకుంటే వైరు లేకుండానే వెలుగుతుంది. అది చూసి మా అమ్మకి ఒకటే టెన్షన్, "ముట్టుకోకురా" అని.

కానీ ఆ పేరెందుకు? అసలుది 1963లో జెన్నిసన్ అనే ప్రొఫెసర్ న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ వెళ్తున్న విమానంలో చూశాడు. విమానం చుట్టూ పెద్ద మెరుపు మెరిసిన కొన్ని క్షణాలకి పైలట్ క్యాబిన్‌లోంచి 20 సెంటీమీటర్ల వెలుగు ముద్ద బయటికొచ్చి, సీట్ల మధ్య దారిలో, ఆయనకి అరమీటరు దూరంలోంచి తిన్నగా వెళ్లిపోయిందట, వేడి కూడా తగల్లేదట! 2012లో చైనాలో ఒకటి పరికరాలకి చిక్కితే అందులో సిలికాన్, ఇనుము, కాల్షియం కనిపించాయి, అంటే మట్టిలో ఉండేవే. ఈ బుడ్డిలో ఉన్నది గ్యాసు, అంతే.

వైరు మరీ పొట్టి, పైగా అరగంటకే గాజు వేడెక్కుతోంది. మూడు స్టార్లు. పేరు మార్చి అమ్మితే నాలుగిచ్చేవాణ్ణి.