పాలపుంత నడిబొడ్డా, మరుగుజ్జు గెలాక్సీలా? కృష్ణ పదార్థం వేటకు ఏది మేలు?

లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి దాదాపు 4,300 మీటర్ల ఎత్తున, 21 మీటర్ల వ్యాసంతో మేస్ టెలిస్కోపు నిలిచి ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి దాన్ని నిర్మించింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అది వెతికేది గామా కిరణాలను, అంటే అత్యధిక శక్తి గల కాంతిని. గామా కిరణం నేల దాకా రాదు. గాలిపొరను ఢీకొని కణాల జల్లుగా మారుతుంది. ఆ కణాలు వెదజల్లే నీలి మెరుపునే ఈ టెలిస్కోపు పట్టుకుంటుంది. సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే, అందులో కొన్ని భాగాల సేపే ఆ మెరుపు ఉంటుంది. దాన్ని చూడాలంటే చీకటి రాత్రులు కావాలి. ఇలాంటి టెలిస్కోపులకు ఏడాదికి దొరికేవి సుమారు వెయ్యి గంటలు. వాటిలో కృష్ణ పదార్థం (కాంతినివ్వకుండా, గురుత్వాకర్షణతోనే ఉనికి తెలిసే డార్క్ మ్యాటర్) వేటకు కేటాయించిన గంటల్లో టెలిస్కోపును ఎటు తిప్పాలన్నదే ప్రశ్న.

కృష్ణ పదార్థ కణాలు ఒకదాన్నొకటి ఢీకొని నశిస్తే గామా కిరణాలు పుట్టాలి. సాంద్రత రెట్టింపైతే ఆ కాంతి నాలుగింతలవుతుంది. అందుకే, ఆ సాంద్రత ఎక్కువని భావించే పాలపుంత నడిబొడ్డు మీదికే అందరి చూపూ ముందు పోతుంది. అది 26,000 కాంతి సంవత్సరాల దూరమే. నమీబియాలో ఉన్న ఇదే రకం హెస్ టెలిస్కోపులకు అది దాదాపు నడినెత్తిన కనిపిస్తుంది. అవి 546 గంటలు గాలించి 2022లో ఫలితం ప్రకటించాయి. సంకేతం లేదు, కానీ భారీ కృష్ణ పదార్థ కణాలు ఎంత తరచుగా నశించవచ్చన్న దానిపై అప్పటికి అంతకన్నా గట్టి హద్దులు ఎవరూ పెట్టలేదు.

చిక్కు ఏమిటంటే, అక్కడ జాతరంత సందడి. సరిగ్గా కేంద్రం దగ్గర హెస్ 2004లోనే బలమైన గామా మూలాన్ని చూసింది. ఆశలు రేగాయి. తీరా దాని వర్ణపటం (ఏ శక్తి వద్ద ఎంత కాంతి ఉందన్న లెక్క) కృష్ణ పదార్థానికి తగినట్టు లేదు. చుట్టూ ఉన్న వాయు మేఘాలు కూడా కాస్మిక్ కిరణాల (అంతరిక్షంలో మహావేగంతో దూసుకుపోయే కణాల) తాకిడికి గామా కిరణాలతో వెలుగుతున్నాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సాంద్రత కేంద్రంలో మొనదేలి ఉందో, చాలా దూరం వరకు చదునుగా ఉందో తేలలేదు. చదునుగా ఉంటే, పోలిక కోసం పక్కన చూసే ఆకాశంలోనూ అంతే కాంతి ఉంటుంది. తీసివేతలో సంకేతమే పోతుంది!

సెగ్వే 1 అనే మరుగుజ్జు గెలాక్సీ, అంటే పాలపుంతను అంటిపెట్టుకున్న అతి చిన్న గెలాక్సీ, దీనికి పూర్తిగా భిన్నం. 75,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని వెలుగంతా కొన్ని వందల సూర్యుల పాటిది. నక్షత్రాల వేగాలు చూస్తే మాత్రం లక్షల సూర్యుల బరువు తేలుతుంది. ఆ తేడా కృష్ణ పదార్థానిదేనని అంచనా. వాయువు లేదు, కొత్త నక్షత్రాలు లేవు, గామా కిరణాలు పుట్టించే వేరే మూలమేదీ అక్కడ తెలియదు. స్పెయిన్ దీవి లా పాల్మాలోని మ్యాజిక్ టెలిస్కోపులు దాన్ని 158 గంటలు చూసినా ఏమీ దొరకలేదు. బలహీనత కూడా చెప్పాలి. ఆ బరువు లెక్కకు ఆధారం డెబ్బై నక్షత్రాలే. దారినపోయే నక్షత్రాలు కొన్ని అందులో కలిసినా అంచనా మారిపోతుంది.

నమీబియాకైతే పాలపుంత కేంద్రమే మేలు. హాన్లేకు నా ఓటు మరుగుజ్జులకే. కేంద్రం హాన్లే ఆకాశంలో 28 డిగ్రీలకు మించి పైకి రాదు. అంత వాలులో తక్కువ శక్తి కిరణాలు చేజారిపోతాయి. నిజమే, జల్లుల కాంతి విశాలంగా పరుచుకుంటుంది కనుక అత్యధిక శక్తి కిరణాలకు ఆ వాలు కలిసొస్తుంది. అయినా పాలపుంత కేంద్రంలో గామా సంకేతం కనిపిస్తే, అది కృష్ణ పదార్థమేనని తేల్చడానికి ఏళ్లు పడుతుంది. సెగ్వే 1లో కనిపిస్తే అనుమానించడానికి మరో మూలం లేదు. అది హాన్లేలో 73 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఫిబ్రవరి, మార్చి అమావాస్య రాత్రులు దానికి ఇవ్వాలి. మే, జూన్‌లలో అర్ధరాత్రి వేళకు డ్రాకో అనే మరో మరుగుజ్జు గెలాక్సీ 65 డిగ్రీల ఎత్తున సిద్ధంగా ఉంటుంది.