నెల్లూరు ఆటోనగర్‌లో అల్యూమినియం కోటింగ్: నా అనుభవం

పొలాలకు మందు కొట్టే డ్రోన్‌కి 6061 గ్రేడు అల్యూమినియం ప్లేట్లు మేమే కోయించుకుంటాం. పోయినసారి వేరే చోట పెయింట్ వేయిస్తే మైపాడు వైపు ఉప్పుగాలికి మూడు నెలల్లోనే పొక్కులొచ్చి, గోరుతో గీకితే పెచ్చులుగా ఊడొచ్చింది. చాలా బాధేసింది.

ఈసారి ఆటోనగర్‌లోని ఈ చిన్న షాపుకి వెళ్లాను. ఓనరన్న ముందు అడిగిందే "ఏ గ్రేడు తమ్ముడూ" అని. అక్కడే నమ్మకం కుదిరింది, ఎందుకంటే విమానాల్లో వాడే 2024 గ్రేడు అల్యూమినియంలో రాగి ఎక్కువ, ఆల్కలీలో ఎచింగ్ చేశాక, అంటే క్షారంతో పైపొరని కొద్దిగా కరిగించాక, నల్లటి మసి మిగులుతుంది, దాన్ని యాసిడ్‌తో తీయకుండా ప్రైమర్ (పెయింట్ కింద వేసే మొదటి పూత) వేస్తే అది మసికి అంటుకుంటుంది గానీ లోహానికి కాదు. 6061కి ఆ గొడవ తక్కువ, అయినా వీళ్లు ఆ పని వదల్లేదు.

బాగా నచ్చింది నీళ్ల పరీక్ష. కడిగిన ప్లేటు మీద నీళ్లు పోస్తే పొర చెదరకుండా పరుచుకోవాలి, ఎక్కడైనా చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే. మా ప్లేట్లలో రెండిటికి అలాగే అయితే మొదటినుంచీ మళ్లీ చేశారు, అదనంగా పైసా అడగలేదు. తర్వాత విషపూరితమైన క్రోమియం-6 లేని కన్వర్షన్ కోటింగ్ (రసాయనంతో లోహం మీద ఏర్పరిచే పలుచని రక్షణ పొర), అదే రోజు ఎపాక్సీ ప్రైమర్. ఆరాక శాంపిల్ ముక్క మీద బ్లేడుతో గళ్లు గీసి, టేపు అంటించి లాగి చూపించారు, ఒక్క గడి కూడా లేవలేదు!

రెండు రోజులన్నారు, ఐదు రోజులు పట్టింది, ఫోన్ ఎత్తరు. ఇంకోటి, అన్నా, ప్లేట్లు పట్టుకునే కుర్రాడికి గ్లవ్స్ ఇవ్వండి. వేలి జిడ్డు తగిలితే కోటింగ్ చెడుతుంది, యాసిడ్ తగిలితే వాడి చేతులు చెడతాయి.