పాల మెషిన్‌కు యూఎస్‌బీ కేబుల్ కొంటున్నారా? కాస్త చూసుకోండి

మా ఊళ్లో పాల కేంద్రం నడుపుతున్నాను. పొద్దున అయిదున్నర నుంచి ఏడున్నర దాకా తల తిప్పుకునే తీరిక ఉండదు. పాల మెషిన్ నుంచి వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు) లెక్కలు, కాటా నుంచి తూకం నేరుగా లాప్‌టాప్‌లోకి వచ్చి స్లిప్ ప్రింటవుతుంది. మెషిన్‌కు ఉన్నది పాతకాలపు 9 పిన్నుల సీరియల్ పోర్టు. ఇప్పటి లాప్‌టాప్‌లకు అది ఉండదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ టు సీరియల్ కేబుల్ ఒకటి పెట్టుకోవాలి. నాది నాలుగేళ్ల కిందట 250 రూపాయలకు కొన్నది. ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయింది కదా, మా అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు లాప్‌టాప్‌ను విండోస్ 11కు మార్చాడు. మర్నాడు పొద్దున మొదటి శాంపిల్ పెట్టగానే సాఫ్ట్‌వేర్ "కామ్ 3 పోర్టు లేదు" అంది. కామ్ 3 అంటే ఆ కేబుల్‌కు విండోస్ ఇచ్చిన పోర్టు నంబరు. తీసి పెట్టాను, రీస్టార్ట్ చేశాను, ఇంకో యూఎస్‌బీ రంధ్రంలో పెట్టాను. ఊహూఁ. బయట క్యాన్లు బారులు తీరాయి. ఆ పూటంతా మెషిన్ తెర మీద అంకెలు చూసి పుస్తకంలో రాసుకున్నాను. "నిన్న వెన్న ఏడు పడింది గదయ్యా, ఇవాళ ఆరున్నరేంది, చేత్తో రాస్తే తగ్గుద్దా?" అని ఒక పెద్దాయన నిలదీశాడు. ఆయన అనుమానం ఆయనది, ఏం చెప్తాం!

మెషిన్ మెకానిక్‌కు ఫోన్ చేస్తే, చూడకుండానే "బోర్డు పోయుంటది సార్, 4,500 అవుద్ది" అన్నాడు. ఇదే మొదటి హెచ్చరిక. మెషిన్ తెర మీద అంకెలు సరిగ్గా వస్తుంటే బోర్డుకు డబ్బులు ఇవ్వకండి, ముందు లాప్‌టాప్‌లో డివైజ్ మేనేజర్ (కంప్యూటర్‌కు తగిలించినవన్నీ చూపించే విండోస్ జాబితా) తెరవండి. అందులో పోర్ట్స్ అన్నచోట నా కేబుల్ పక్కన పసుపు త్రికోణం ఉంది. పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషులో ఈ వాక్యం: "పీఎల్2303హెచ్‌ఎక్స్‌ఏ ఫేజ్డ్ అవుట్ సిన్స్ 2012. ప్లీజ్ కాంటాక్ట్ యువర్ సప్లయర్." అంటే కేబుల్ లోపలున్న ఈ చిప్‌ను 2012లోనే ఆపేశాం, అమ్మినవాణ్ని అడుక్కో అని. కేబుల్ తెగలేదు, కాలలేదు. ఆ చిప్ కంపెనీ ప్రోలిఫిక్, నకిలీ చిప్పుల బెడద పడలేక, కొత్త డ్రైవర్‌లో (చిప్‌ను విండోస్‌తో కలిపి పనిచేయించే సాఫ్ట్‌వేర్‌లో) ఆ పాత రకాన్ని అసలుదైనా నకిలీదైనా పనిచేయకుండా ఆపేసింది. విండోస్ మారినప్పుడు ఆ కొత్త డ్రైవర్ కూడా వచ్చి కూర్చుంది.

సరే, కొత్తది కొందామని టౌనుకు వెళ్లాను. అట్ట మీద "విండోస్ 11 సపోర్ట్" అని పెద్దక్షరాలు, 450 రూపాయలు. ఇంటికొచ్చి పెడితే మళ్లీ పసుపు త్రికోణమే. ఈసారి వాక్యం ఇంకా సూటిగా ఉంది: "దిస్ ఈజ్ నాట్ ప్రోలిఫిక్ పీఎల్2303." పచ్చి నకిలీ అన్నమాట! వెనక్కి తీసుకెళ్తే షాపు కుర్రాడు "కేబుళ్లకు రిటర్న్ లేదన్నా, సీడీలో డ్రైవర్ ఉంది, వేసుకో" అన్నాడు. అరచేతిలో పట్టేంత చిన్న సీడీ. నా లాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదని చెబితే నవ్వాడు.

ఈ గొడవ ఒక్క ఆ కంపెనీదే కాదు. 2014లో ఎఫ్‌టీడీఐ అనే ఇంకో చిప్ కంపెనీ డ్రైవర్ విండోస్ అప్‌డేట్‌తో పాటు వచ్చి, నకిలీ చిప్పుల గుర్తింపు నంబరునే సున్నాకు మార్చేసింది. దాంతో అవి ఏ కంప్యూటర్‌కూ తెలియకుండా పోయాయి. జనం గగ్గోలు పెట్టాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. నకిలీ చేసినవాడు ఎక్కడో హాయిగా ఉంటాడు, తెలియక కొన్నవాడి పని ఆగుతుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మొదటి కేబుల్‌తో ఒక వారం నెట్టుకొచ్చాను. డివైజ్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్‌కు వెళ్లి, కంప్యూటర్‌లో ఉన్న లిస్టులోంచి నేనే ఎంచుకుంటానని చెప్పి, 2008 నాటి 3.3.2.105 వెర్షన్ పెడితే బతికింది. లిస్టులో అది లేకపోతే ముందుగా ఆ పాత డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. కానీ విండోస్ అప్‌డేట్ ఎప్పుడైనా మళ్లీ కొత్తది తెచ్చి పెట్టొచ్చు. రోజూ పొద్దున ఆ టెన్షన్ ఎవరు పడతారు?

చివరికి సీహెచ్340 చిప్ ఉన్న కేబుల్ తెచ్చాను. ఈసారి లాప్‌టాప్ చంకన పెట్టుకునే వెళ్లాను. పెట్టగానే పోర్టు కనిపించింది. ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే 1ఏ86, 7523 అని ఉంది, అది ఆ చిప్ నంబరే. ప్రోలిఫిక్ పేరుతో అమ్మేవాటికి 067బీ ఉంటుంది, అయితే నకిలీలూ అదే నంబరు చెప్పుకుంటాయి కాబట్టి దాన్ని నమ్మి కొనకండి, త్రికోణం వస్తుందా లేదా చూడండి. తర్వాత పుట్టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పోర్టు తెరిచి, కేబుల్ చివర 2, 3 పిన్నులను చిన్న స్క్రూడ్రైవర్ మొనతో కలిపి పట్టుకుని కీబోర్డు మీద కొడితే, కొట్టిన అక్షరాలు తెర మీదకు తిరిగొచ్చాయి. మొన తీసేస్తే ఆగిపోయాయి. అంటే పంపడం, అందుకోవడం రెండూ బాగున్నట్టే. షాపువాడు వింతగా చూశాడు, చూడనీ.

ఇంటికొచ్చాక ఒక చిన్న పని మిగిలింది. కొత్త కేబుల్‌కు కామ్ 5 వచ్చింది, నా సాఫ్ట్‌వేర్ కామ్ 3నే వెతుకుతుంది. పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి నంబరు మార్చాను, స్లిప్పులు రావడం మొదలైంది.

ఆ 450 మాత్రం ఇంకా రాలేదు. నా బిల్లు మీద "కేబుల్ - 1" అని తప్ప ఇంకేం లేదు, అందుకే షాపువాడు తప్పించుకుంటున్నాడు. మీరు కొనేటప్పుడు బిల్లు మీద చిప్ పేరు, విండోస్ 11లో పనిచేయాలనే మాట రాయించుకోండి.