పోర్టింగ్‌లో పాత క్లెయిమ్‌లు: ఒక ఆరోగ్య బీమా పాలసీదారు సమీక్ష

మా కుటుంబ ఆరోగ్య బీమా పాలసీని ఒకసారి వేరే సంస్థకు సులువుగా మార్చుకున్నాను (దీన్నే పోర్టింగ్ అంటారు). కొన్నేళ్ల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తే కుదరలేదు. ఈ మధ్యలో వయసులు పెరిగిన మాట నిజమే గాని, అసలు తేడా మా క్లెయిమ్‌ల దగ్గరే వచ్చిందని నా అభిప్రాయం.

ఇలా మార్చుకునే వెసులుబాటు, అంటే పోర్టబిలిటీ, 2011 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. నేను మొదటిసారి దరఖాస్తు చేసేనాటికి మాకు క్లెయిమ్‌లేవీ లేవు. పాత సంస్థ పంపిన వివరాలను బట్టి కొత్త సంస్థ, అప్పటికి గడిచిన వెయిటింగ్ పీరియడ్‌ను (కొన్ని జబ్బులకు బీమా వర్తించే ముందు ఆగాల్సిన కాలాన్ని) పాత బీమా మొత్తం మేరకు లెక్కలోకి తీసుకుంది. ఈ సమాచార మార్పిడే లేకపోతే ఆ ప్రయోజనం దక్కేది కాదు.

ఆ తర్వాత నా భార్యకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్, నాన్నగారికి స్టెంట్ అవసరమయ్యాయి. క్యాష్‌లెస్ (ఆసుపత్రికి బీమా సంస్థే నేరుగా చెల్లించే సౌకర్యం) సక్రమంగానే అందింది. క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించకూడదని, విడి వ్యక్తుల క్లెయిమ్‌లను చూసి ప్రీమియం పెంచకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు చెబుతున్నందున ఉన్నచోట ఇబ్బంది రాలేదు. అయితే గడప దాటితే ఆ రక్షణ ఉండదు. పోర్టింగ్ దరఖాస్తును అంగీకరించాలా వద్దా అన్నది కొత్త సంస్థ అండర్‌రైటింగ్ (రిస్క్ అంచనా) నిర్ణయమే.

2024 నిబంధనల ప్రకారం బీమా సమాచారాన్ని సేకరించే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో పోర్టల్ ద్వారా అడిగిన వివరాలను పాత సంస్థ 72 గంటల్లోగా పంపాలి, అవి అందిన 5 రోజుల్లోగా కొత్త సంస్థ తన నిర్ణయం చెప్పాలి. వేగం మెచ్చుకోదగినదే, నిరాకరణ కూడా అంతే వేగంగా వచ్చింది. నాకు నచ్చనిది వేరే ఉంది. మా గురించి ఏ వివరాలు వెళ్లాయో, వాటిలో ఏది అడ్డొచ్చిందో మాకు తెలియజేయలేదు. కారు బీమాలోనైతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుందని, క్లెయిమ్ చేస్తే పోతుందని ముందే తెలుసు కాబట్టి, చిన్న గీతకు క్లెయిమ్ చేయాలా వద్దా అని లెక్కవేసుకోవచ్చు. ఆరోగ్య బీమాలో ఏ క్లెయిమ్ పోర్టింగ్‌కు ఎంత అడ్డొస్తుందో చెప్పే అలాంటి పట్టిక ఏదీ నాకు కనిపించలేదు.

దరఖాస్తులో జబ్బులు దాచమని సలహా ఇచ్చే ఏజెంట్లూ ఎదురయ్యారు. పాత క్లెయిమ్‌ల వివరాలు నేరుగా సంస్థల మధ్యే చేతులు మారుతున్నప్పుడు ఆ సలహా ఎందుకూ పనికిరాదు. కొత్త సంస్థ సమాధానం వచ్చేదాకా పాత పాలసీని వదులుకోలేదు కాబట్టి, గడువులోగా రెన్యువల్ చేయించి అక్కడే కొనసాగుతున్నాము.