శ్రీకాకుళం: రెండు నదుల వెంట ఒక యాత్ర

విశాఖపట్నం వైపు నుండి వచ్చే యాత్రికులలో చాలామందికి శ్రీకాకుళం అంటే ఆదివారం నాటి అరసవల్లి సూర్యదేవుని దర్శనం, ఆ వెంటనే తిరుగు ప్రయాణం. ఈ పట్టణంలో కనీసం రెండు రాత్రులు గడపదగినంత ఉన్నదనీ, అయితే స్థలాలను వాటి ప్రసిద్ధిని బట్టి కాక నదులను బట్టి చూసుకుంటే యాత్ర సుఖంగా సాగుతుందనీ నా అభిప్రాయం. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలోని కలహండి ప్రాంతపు కొండలలో పుట్టి, వేర్వేరు దారులలో దిగివచ్చి, మొదటిది పట్టణాన్ని ఒరుసుకుంటూ పోయి కళ్లేపల్లి వద్ద, రెండవది ఇంకాస్త ఉత్తరాన కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తాయి. చూడవలసినవాటిలో ఎక్కువ భాగం ఈ రెండు నదుల ఒడ్డునో, వాటి నడుమనున్న పల్లెలలోనో ఉన్నాయి.

రైలులో వచ్చేవారు ముందుగా గ్రహించవలసినది, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ పట్టణంలో లేదని. అది ఆమదాలవలసలో, పట్టణానికి పన్నెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. పగటివేళ బస్సులకు, షేర్ ఆటోలకు కొదవ లేదు కాని, అర్ధరాత్రి దిగేవారు మాత్రం ఆటోవారు అడిగినంత ఇచ్చుకోవలసి వస్తుంది. విశాఖ నుండి ఆర్టీసీ బస్సులు విరివిగా ఉన్నందున, వృద్ధులు వెంట ఉన్నప్పుడు నాకు బస్సే మేలనిపించింది. దిగిన చోటి నుండి బస కూడా దగ్గరలోనే దొరుకుతుంది.

బస విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోరాదు. కాంప్లెక్స్‌గా పిలిచే ఆర్టీసీ బస్టాండు పరిసరాలలోనూ, డే అండ్ నైట్ కూడలి వైపునా ఉన్న లాడ్జీలు వ్యాపార పనుల మీద వచ్చి ఒక రాత్రి తలదాచుకునేవారి కోసం కట్టినవే తప్ప, కుటుంబంతో యాత్రకు వచ్చేవారిని దృష్టిలో పెట్టుకున్నవి కావు. మేము దిగిన చోట గది శుభ్రంగానే ఉన్నది కాని, లిఫ్టు పనిచేయక మా అమ్మగారు మోకాళ్ల నొప్పులతోనే రెండంతస్తులు ఎక్కవలసి వచ్చింది. వేడినీళ్లు పొద్దున్న ఒక గంట మాత్రమే వస్తాయన్న సంగతి ఆ గంట గడిచాక తెలిసింది. గది తీసుకునే ముందు ఈ రెండింటి గురించీ, వీధివైపు కిటికీ గురించీ అడిగి తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే బస్సుల హారన్లు తెల్లవారుజామునే మొదలవుతాయి. అద్దెలు విశాఖతో పోలిస్తే తక్కువే. భోజనం విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు. పచ్చి జీడిపప్పు కూర, పనసపొట్టు కూర వంటివి కాలాన్ని బట్టి దొరికితే వదులుకోకూడదు.

పట్టణంలోనే చూడదగినవి ఉన్నాయని స్థానికులు సైతం తరచుగా మరచిపోతారు. నాగావళి ఒడ్డున ఉమారుద్ర కోటేశ్వరస్వామి ఆలయం ఉంది. బలరాముడు తన నాగలితో భూమిని చీల్చి ఈ నదిని పారించాడనీ, అందుకే దీనికి లాంగుల్య అనే పేరనీ, ఈ నది వెంట ఆయన ఐదు శివాలయాలను ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం చెబుతుంది. వాటిలో ఇది ఒకటి. అదే పట్టణంలో జామియా మసీదు ఉంది. గోల్కొండ కుతుబ్ షాహీల ఫౌజుదారు, అంటే ఇక్కడి సైనికాధికారి, షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో దీనిని కట్టించాడు. ఉత్తర సర్కారులనే కోస్తా పరగణాలలో ఒకదానికి శ్రీకాకుళం ముఖ్యపట్టణంగా ఉన్న కాలాన్ని, ఇక్కడి సన్నని మస్లిన్ బట్టకు దూరదేశాలలో గిరాకీ ఉన్న కాలాన్ని ఊహించుకోవడానికి ఈ మసీదును మించిన చోటు పట్టణంలో లేదు. నది ఒడ్డు మాత్రం నిరాశ కలిగిస్తుంది. పాత వంతెన మీద నుండి చూస్తే ఇసుక దిబ్బలు, సన్నని పాయలు సాయంత్రపు వెలుగులో ఎంతో బాగుంటాయి. కిందికి దిగితే కొన్నిచోట్ల చెత్తకుప్పలు ఎదురవుతాయి. సాయంకాలం కూర్చోవడానికి నాలుగు బల్లలు, నడవడానికి ఒక బాట ఉంటే, పట్టణానికి వచ్చినవారు ఒక పూట ఎక్కువ నిలుస్తారు.

అరసవల్లి పట్టణానికి ఆనుకొనే ఉన్నది కనుక దానికి ప్రత్యేక ప్రణాళిక అవసరం లేదు. కళింగను ఏలిన తూర్పు గంగ వంశీయుడైన దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో ఈ ఆలయాన్ని కట్టించినట్లు చెబుతారు. మార్చి రెండవ వారంలోనూ, అక్టోబరు తొలి రోజులలోనూ ఉదయపు సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే విశేషం ప్రసిద్ధమైనదే. ఆ రోజులలో మబ్బు పడితే వేల మంది నిరాశగా వెనుదిరుగుతారు. పైగా ఆ కొద్ది క్షణాల కోసం జరిగే తోపులాటలో వృద్ధులకు నిలబడే చోటు కూడా దొరకదు. రథసప్తమికి, మాఘమాసపు ఆదివారాలకు భక్తి ఎంత ఉన్నా, ఓపిక అంతకు రెట్టింపు కావాలి. మామూలు మంగళవారమో బుధవారమో వెళ్తే స్వామిని నిదానంగా చూసి, ఇంద్ర పుష్కరిణి గట్టున కాసేపు కూర్చొని రావచ్చు.

అక్కడి నుండి శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం ఒకే పూటలో కాకపోయినా ఒకే రోజులో చుట్టి రాదగిన దారిలో ఉన్నాయి. మూడూ గార మండలంలోనివే. ఈ దారికి బస్సులను నమ్ముకోవడం కంటే రోజంతటికీ ఒక ఆటోనో కారునో మాట్లాడుకోవడం మేలు. బేరం కుదుర్చుకునేటప్పుడు వేచి ఉండే సమయానికి కూడా కలిపి ఒకే మొత్తం చెప్పించుకోవాలి, లేకుంటే ప్రతి గుడి దగ్గరా లెక్క మారుతుంది.

శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో, పడమటి ముఖంగా కొలువై ఉంటాడు. అందువల్ల ఆలయానికి తూర్పున ఒకటి, పడమర ఒకటి చొప్పున రెండు ధ్వజస్తంభాలు ఉన్నాయి. అందరూ దర్శనం ముగించుకొని ప్రసాదం వైపు నడుస్తారు కాని, అసలు ఆగవలసినది ప్రదక్షిణ మండపంలో. గోడల మీది పాత వర్ణచిత్రాలు చాలావరకు వెలిసిపోయినా, ఉదయం వెలుతురులో కొన్ని రూపాలు ఇంకా స్పష్టంగా గుర్తుపట్టవచ్చు. స్తంభాల మీద వందకు పైగా శాసనాలు ఉన్నాయి; ఉడుపి మధ్వాచార్యుల శిష్యుడైన నరహరి తీర్థులు కళింగ రాజ్యపాలనలో ఉండగా వేయించిన 1281 నాటి శాసనం కూడా వాటిలో ఒకటి. ఇంతటి సంపద ముందు వివరాలు తెలిపే పలక గాని, చెప్పే మనిషి గాని మాకు ఎదురుపడలేదు. ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ల చుట్టూ పిల్లలు గుమిగూడి ఉన్నారు. చట్టం రక్షణ కల్పించిన జీవులివి; ఆకుకూరలు విసరడం వరకు సరే గాని, చేతితో ఎత్తి ఫొటోలు దిగడం తగదు.

నన్నడిగితే ఈ రోజుకు తలమానికం శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినది గిడుగు రామమూర్తి పంతులు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన ఆయన గురించి ఇంత బిగువైన వాక్యాలలో రాస్తున్నందుకు ఆయన ఆత్మ క్షమించుగాక. కింద కాపలా ఉన్న పెద్దాయన మమ్మల్ని చూసి, “ఎండెక్కిపోతాది బాబూ, బేగి ఎక్కీయండి” అన్నాడు. ఆ సలహా అక్షరాలా పాటించదగినది, ఎందుకంటే కొండ మీద నీడ తక్కువ. మెట్లు మరీ నిటారుగా లేనందున అమ్మగారు మధ్యమధ్య ఆగుతూ పైవరకు రాగలిగారు. చక్రాకారపు ఇటుక అమరికతో ఉన్న మహాచైత్యం అనే పెద్ద స్తూపం, చిన్న స్తూపాలు, చైత్యగృహాలనే ప్రార్థనా మందిరాల పునాదులు ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. సంగ్రహాలయంలోని తార, మారీచి విగ్రహాలను చూస్తే, మొదట నిరాడంబరంగా స్తూపాన్ని కొలిచిన చోటనే శతాబ్దాల తరువాత తాంత్రిక బౌద్ధమైన వజ్రయానపు దేవతలు ఎలా వచ్చి చేరారో కళ్లకు కడుతుంది. పైనుండి కనిపించే వంశధార మలుపును, ఆ దిగువన సముద్రం వైపు విస్తరించిన మైదానాన్ని చూశాక, భిక్షువులు కళింగపట్నం రేవుకు ఇంత దగ్గరలో ఈ కొండను ఎందుకు ఎన్నుకున్నారన్న ప్రశ్న మిగలదు. తాగునీరు వెంట తెచ్చుకోవాలి. తినడానికి దగ్గరలో ఏమీ ఉండదు.

కళింగపట్నం పేరులో ఉన్నంత ఘనత ఇప్పుడు ఒడ్డున లేదు. ఒకనాటి రేవుకు గుర్తుగా దీపస్తంభం ఉంది, విశాలమైన ఇసుక ఉంది, పడవలు ఉన్నాయి. నదీముఖం వద్ద ప్రవాహం మోసపూరితమైనది కనుక స్నానానికి దిగవద్దు. గంటసేపు చాలు.

ముఖలింగానికి వేరే రోజు కేటాయించాలి. శ్రీకాకుళం నుండి నలభై అయిదు కిలోమీటర్లకు పైగా దూరం. నరసన్నపేట, చల్లవానిపేట మీదుగా దారి. వంశధార ఎడమ ఒడ్డున ఉన్న ఈ పల్లెటూరే తూర్పు గంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. మధుకేశ్వరాలయపు ద్వారబంధాల మీది లతలు, గోడల మీది దేవతా మూర్తులు గంటలకొద్దీ చూసినా తరగవు. ఇప్పచెట్టు మొదలు నుండి శివుడు వెలశాడన్న కథను అర్చకులు ఓపికగా చెప్పారు, గర్భగుడి వెనుకనున్న పెద్ద మట్టి గోళెం చూపించారు. ఊరి మొదట్లో ఒంటరిగా నిలిచిన సోమేశ్వరాలయాన్ని చూడకుండా దాటి పోకండి; శిల్పం దృష్ట్యా నాకు అదే ఎక్కువ నచ్చింది. గిడుగువారు పుట్టిన పర్వతాలపేట ఇక్కడికి దగ్గరే. ఆయన ఈ ఆలయ శాసనాలను ఎవరూ నేర్పకుండానే పట్టుదలతో చదవడం నేర్చుకున్నారు. శివరాత్రి రోజులు తప్పిస్తే జనం పలుచన. సాయంత్రం తిరుగు బస్సు వేళను ఊరిలో దిగగానే కనుక్కోవాలి.

సమయం మిగిలితే పొందూరు వెళ్లవచ్చు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఖద్దరు కోసం చేతితో అతి సన్నని నూలు వడికే పద్ధతి అక్కడ ఇంకా నిలిచి ఉంది. ధోవతి ధర వినగానే కొందరు వెనుకంజ వేస్తారు. వడికే చోటు చూసిన తరువాత బేరమాడాలనిపించదు. పక్షులంటే ఇష్టం ఉన్నవారు అక్టోబరు నుండి మార్చి లోపు వస్తే, టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లలను పెంచడం చూడవచ్చు. అక్టోబరు, నవంబరు నెలలలో తుపాను హెచ్చరికలు చూసుకొని బయలుదేరాలి. సొంత వాహనం లేనివారు టెక్కలి వరకు బస్సులో వెళ్లి, అక్కడ రానుపోను ఆటో మాట్లాడుకోవడం సులువు.