నాలుగో క్లాసు దాకా గుర్రం ఎక్కనివ్వలేదు

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే రోడ్డు వైపు ఉన్న ఒక చిన్న గుర్రపు స్వారీ స్కూల్ సంగతి ఇది. మంచితో పాటు చెడ్డా చెప్పబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. గుర్రానికీ నాకూ ఉన్న చుట్టరికమల్లా కాలవల్లో పేరుకుపోయే గుర్రపు డెక్కే. మా పాపకి పదకొండేళ్లు, తనే పట్టుబట్టింది. కార్తీకంలో చేర్పించాను. నెలకి ఎనిమిది క్లాసులు, ఐదు వేలు. బుధ, ఆదివారాల్లో పొద్దున్న ఆరింటికి.

మొదటి మూడు క్లాసులూ బ్రష్ పెట్టి ఒళ్లు రుద్దించారు, డెక్కల్లో మట్టి తీయించారు, తాడు పట్టుకుని నడిపించారు. అంతే. మూడో రోజు నాకు తిక్క రేగింది. ఐదు వేలు కట్టింది గుర్రానికి ఒళ్లు తోమడానికా అని మాస్టారిని అడిగేశాను. ఆయన హైదరాబాద్ రేస్ కోర్సులో పనిచేసి వచ్చిన మనిషి. కోపం తెచ్చుకోకుండా, "సార్, మీ యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి చూడకుండా ధర కడతారా?" అన్నాడు. ఇంక నేనేం మాట్లాడను?

పాపకి ఇచ్చిన గుర్రం పేరు గౌరి. మార్వాడీ జాతి కలిసింది, చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేలా ఉంటాయి. ఆ చెవుల్ని చూడటమే సగం చదువు. రెండూ ముందుకు నిక్కితే ఎదురుగా ఉన్నదేదో గమనిస్తోంది. ఒకటి పక్కకి తిరిగితే అటు వింటోంది. రెండూ వెనక్కి వాలి మెడకి అంటుకుపోతే దగ్గరికి పోకూడదు. ఒక బుధవారం క్లాసు అవగానే పనికి పోవచ్చని యార్డుకి వేసుకునే చొక్కాతోనే వెళ్లాను. నేను ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే గౌరి తల ఎత్తి, ముక్కు పుటాలు పొంగించి, ఫుర్రుమని ఊది వెనక్కి జరిగింది. పాతికేళ్లుగా ఆ ఘాటులోనే ఉన్నాను కాబట్టి నా చొక్కా వాసన నాకు తెలియదు. అప్పట్నుంచి సంచిలో వేరే చొక్కా పెట్టుకెళ్తున్నాను.

గుర్రానికి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనకా, నుదుటికి మరీ దగ్గరగా ఎదురుగా ఉన్నది మాత్రం కనపడదు. అందుకే వెనక నుంచి తిరిగేటప్పుడు ఒంటి మీద చెయ్యి తీయకుండా, మాట్లాడుతూ వెళ్లాలని నేర్పారు. ఇప్పుడు మా పాప, చూపు ఆనని మా అమ్మ దగ్గరికి వెళ్లినా "నానమ్మా, నేనే" అంటోంది.

నాలుగో రోజు ఎక్కించారు. పాప భయంతో పగ్గాలు బిగబట్టింది. గౌరి ఆగింది, అయినా పాప వదల్లేదు. అది తల విదిలించి గిరగిరా తిరగడం మొదలెట్టింది. మాస్టారు పాపని దింపి నన్ను పిలిచాడు. కళ్లు మూసుకోమని, పగ్గాల కొసలు నా రెండు చేతుల్లో పెట్టి, వెనక నుంచి నన్ను తోలమని పాపకి చెప్పాడు. జనం చూస్తుంటే సిగ్గేసింది. కుడివైపు లాగింది, తిరిగాను. ఇంకా లాగుతూనే ఉంది. తిరిగింది చాలలేదేమో అనుకుని ఇంకా తిరిగాను, కంచె తగిలింది. "పాపా, నాన్న తిరగంగానే వదిలెయ్యాలి. నువ్వు లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు దానికి తెలుస్తుంది, చేసింది కరెక్టేనని" అన్నాడాయన. ఆ క్షణం దాటి వదిలితే అప్పుడు అది ఏం చేస్తోందో అదే నేర్చుకుంటుందట. ఎప్పుడూ లాగుతూనే ఉండేవాళ్ల కింద పడ్డ గుర్రానికి నోరు మొద్దుబారిపోతుందట. ఐదు వేలూ ఆ పది నిమిషాలకే చెల్లిపోయాయి.

వెనకటికి జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు. జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో నేల తట్టేది. 1907లో ఫంగ్‌స్ట్ అనే ఆయన పరీక్షించి అసలు సంగతి బయటపెట్టాడు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల, ఒళ్లు తనకు తెలియకుండానే కాస్త కదిలేవి, హాన్స్ అది చూసి ఆపేసేది. అడిగినవాడికే జవాబు తెలియకపోతే దానికీ తెలియదు. నాకిందులో వింతేం లేదు. కాయ తుంచి వాసన చూసేటప్పుడు కొనేవాడి కనుబొమ్మ చూసి నేను ధర చెప్పగలను. లెక్కలు రాకపోయినా హాన్స్ మా కొట్లో పనికొచ్చేది.

ఇక లోపాలు. పిల్లల హెల్మెట్లు రెండే ఉన్నాయి, రెండూ వదులే. రసీదు అడిగితే గానీ ఇవ్వరు. మూల కొట్టంలో ఉన్న తెల్ల గుర్రం పళ్లతో చెక్క పట్టుకుని గుటుక్కున గాలి మింగుతూ ఉంటుంది. బయట వదిలితే రోజులో పదహారు గంటల దాకా మేసే జీవం అది. గంటల తరబడి కట్టేసి, గడ్డి అయిపోయినా చూసుకోకపోతే ఇలాంటి అలవాటు పడుతుంది. దాణాలో ఉలవలు పెడుతున్నాం కదా అంటారు. ఉలవలు సరే, తెరిపి లేకుండా నమలడానికి గడ్డి ఏది?

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది, గౌరిని శనివారం రాత్రుళ్లు పెళ్లి ఊరేగింపులకి అద్దెకివ్వడం. బ్యాండు, డీజే, టపాసుల మధ్య అర్ధరాత్రి దాకా నిలబడి, పొద్దున్న ఆరింటికి మా పాప కింద. ఒక ఆదివారం స్కూటర్ స్టాండు చప్పుడుకే పక్కకి గెంతింది, పాప జూలు పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. మాస్టారికి చెప్తే, "ఓనరు మాట సార్, నేనేం చేస్తాను" అన్నాడు. ఓనరుకీ చెప్పాను. చూద్దామన్నాడు.

రెండో నెల డబ్బు కట్టాను, ఈసారి రసీదు తీసుకున్నాను. పుష్యమాసం వచ్చి పెళ్లిళ్లు ఆగేదాకా ఆదివారం క్లాసు వద్దని శుక్రవారానికి మార్పించుకున్నాను.